ఎలుకలు చెప్పిన దారి రహస్యం

మార్కెట్‌కు వెళ్లిన పెద్దాయన రెండు గంటలైనా ఇంటికి రారు. కంగారుపడి వెతికితే పక్క వీధిలోనే, ఎటు వెళ్లాలో తెలియక నిలబడి ఉంటారు. ముప్పై ఏళ్లుగా నడిచిన దారే! వయసు మీద పడింది కదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఇలాంటివారు ఓపీకి వచ్చినప్పుడల్లా నాకు ఒక అమెరికా ప్రొఫెసర్ గుర్తొస్తారు. ఆయన పేరు ఎడ్వర్డ్ టోల్మన్. మనం తిరిగే చోట్లకు మన తలలోనే ఒక మ్యాప్ తయారవుతుందని ఎలుకల మీద ప్రయోగాలు చేసి వాదించిన మనిషి.

ఫ్యాక్టరీ వద్దనుకున్న కొడుకు

టోల్మన్ 1886లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌లో పుట్టారు. తండ్రి ఒక తయారీ కంపెనీ నడిపేవారు. కొడుకులిద్దరూ తన వ్యాపారంలోకి వస్తారని ఆయన ఆశ. అన్న రిచర్డ్ శాస్త్రవేత్త అయ్యారు. ఎడ్వర్డ్ 1911లో ఎంఐటీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసినా, విలియం జేమ్స్ పుస్తకాలు చదివి మనసు మార్చుకున్నారు. హార్వర్డ్‌లో చేరి 1915లో సైకాలజీలో డాక్టరేట్ అందుకున్నారు. తొలి ఉద్యోగం మూడేళ్లకే పోయింది. మొదటి ప్రపంచయుద్ధం రోజులవి. యుద్ధం వద్దనే ఆయన భావాలూ అందుకు ఒక కారణమంటారు. 1918లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరారు. ఇక ఆ ఊరే ఆయనకు ఇల్లయింది.

తిండి పెట్టకపోయినా నేర్చుకున్నాయి

అప్పట్లో చాలామంది సైకాలజిస్టులు ఒక మాట నమ్మేవారు. ఎలుక కుడికి తిరిగితే తిండి దొరుకుతుంది, అందుకే మళ్లీ కుడికి తిరుగుతుంది, నేర్చుకోవడమంటే ఇంతే అని. టోల్మన్‌కు ఇది నచ్చలేదు.

1930లో ఆయన, హాన్‌జిక్ అనే సహచరుడు కలిసి ఎలుకలను మూడు గుంపులుగా చేసి, చిక్కుదారులున్న పెట్టెలో రోజూ వదిలారు. మొదటి గుంపుకు దారి చివర రోజూ తిండి ఉంటుంది. రెండో గుంపుకు ఎప్పుడూ ఉండదు. మూడో గుంపుకు పది రోజులు ఏమీ పెట్టకుండా, పదకొండో రోజున పెట్టారు. మర్నాటికల్లా ఈ మూడో గుంపు తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. రోజూ తిండి తిన్న ఎలుకలకు ఏమాత్రం తీసిపోలేదు. అంటే ఆ పది రోజులూ అవి ఊరికే తిరగలేదు, దారులన్నీ తలకెక్కించుకున్నాయి. అవసరం వచ్చాక ఆ తెలివి బయటపడింది.

ఇది మా ఆసుపత్రిలో రోజూ కనిపించేదే. వార్డులో రోగికి తోడుగా ఉండే బంధువు నాలుగు రోజులు పనిలేక అటూ ఇటూ తిరుగుతారు. ఐదో రోజున అర్జెంటుగా రక్తం తేవాలంటే, ఎవరినీ అడగకుండా అడ్డదారిన బ్లడ్ బ్యాంకుకు వెళ్లి వస్తారు.

1946లో టోల్మన్ బృందం ఎలుకలు అలవాటుపడ్డ దారిని మూసేసి, చుట్టూ సూర్యకిరణాల్లా చాలా దారులు తెరిచింది. ఎక్కువ ఎలుకలు ఎంచుకున్నది పాత దారి పక్కదాన్ని కాదు, తిండి ఉండే చోటి దిక్కుగా వెళ్లేదాన్ని. 1948లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో టోల్మన్ దీనికి కాగ్నిటివ్ మ్యాప్ అని పేరు పెట్టారు.

మ్యాప్ ఎప్పుడు ఇరుకవుతుంది?

ఆ వ్యాసంలోనే ఆయన ఇంకో మాట చెప్పారు. కొందరి తలలో మ్యాప్ విశాలంగా ఉంటుంది, కొందరికి ఒకే గీతలా ఉంటుంది. మెదడు దెబ్బతిన్నా, చుట్టూ ఆనవాళ్లు చాలకపోయినా, ఒకే దారిని అతిగా వల్లెవేయించినా, కోరికా నిరాశా మితిమీరినా మ్యాప్ ఇరుకవుతుందన్నారు. మనుషుల్లో ద్వేషానికీ ఈ ఇరుకుతనమే కారణమని, పిల్లలను ప్రశాంతంగా పెంచాలని కోరారు. ర్యాంకుల కోసం పిల్లలను భయపెట్టే మనం ఒకసారి ఆలోచించాల్సిన మాట ఇది.

ఆయన దాన్ని రాసి ఊరుకోలేదు. 1949లో విశ్వవిద్యాలయం అధ్యాపకులందరూ కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం మీద సంతకం చేయాలంది. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ టోల్మన్ ససేమిరా అన్నారు. పిల్లలున్న చిన్నవాళ్లను మాత్రం సంతకం పెట్టేయమని, పోరాటం తట్టుకోగలిగినవాళ్లకు వదిలేయమని చెప్పారు. 1950లో సంతకం పెట్టనివారిని తొలగించారు. ఆయన పేరు మీదే నడిచిన కేసులో 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వారిని తిరిగి తీసుకోవాలని ఆదేశించింది. 1959లో అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఆయన కన్నుమూశారు.

దారి తప్పితే తేలిగ్గా తీసుకోకండి

మెదడులో ఆ మ్యాప్ ఎక్కడుందో టోల్మన్ చూడలేకపోయారు. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్‌లో, ఒక్కో చోటుకు వెళ్లినప్పుడు స్పందించే కణాలున్నట్లు చూపారు. 2005లో మోసర్ దంపతుల బృందం దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, దూరాలను గళ్లుగా కొలిచే కణాలను వివరించింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది.

అల్జీమర్స్ జబ్బు తొలి దశలోనే దెబ్బతీసే భాగాలు సరిగ్గా ఇవే. అందుకే తెలిసిన దారి తప్పడం వయసు లక్షణం కాదు. నెలల తరబడి ఇలా జరుగుతుంటే న్యూరాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్, వాడుతున్న మందుల వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వాటిని సరిచేయవచ్చు. ఉన్నట్టుండి అయోమయం వస్తే మాత్రం అది షుగర్ పడిపోవడమో, ఇన్ఫెక్షనో, పక్షవాతమో కావచ్చు. ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకురండి.

జేబులో ఫోన్ నంబరు రాసిన కార్డు పెట్టండి. ఇంట్లో మంచం, బీరువా తరచూ జరపకండి. అన్నిటికంటే ముఖ్యం, దారి తప్పి వచ్చిన పెద్దాయనను కసురుకోకండి. చెరిగిపోతున్నది ఆయన తలలోని మ్యాప్, ఆయన తప్పేమీ లేదు. అది చెరిగినచోట ఇక దారి చూపాల్సింది మనమే.