చుక్కల అద్దం చేయించిన బప్పు గారు



దసరా సెలవుల ముందు నేను ఒక అట్టగొట్టంలో పాత కళ్లద్దం, చిన్న భూతద్దం పెట్టి టెలిస్కోపు చేసిన సంగతి మీకు తెలుసు. చందమామ మసకగా, అదీ తలకిందులుగా కనపడేసరికి హాస్టలంతా ఒకటే నవ్వు. నాకు సిగ్గేసి దాన్ని మంచం కింద పారేశాను. అప్పుడు మా సైన్సు సారు నన్ను పిలిచి వైను బప్పు గారి కథ చెప్పారు. తరువాత లైబ్రరీ పుస్తకంలో కూడా చదివాను. అదే రాస్తున్నాను.

బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. వాళ్లది కేరళ కుటుంబం. కానీ పెరిగింది మన హైదరాబాదులోనే. ఎందుకంటే వాళ్ల నాన్న బేగంపేటలోని నిజామియా వేధశాలలో పనిచేసేవారు. వేధశాల అంటే టెలిస్కోపులతో చుక్కల్ని చూసే చోటు. అక్కడి 15 అంగుళాల టెలిస్కోపు దగ్గరే ఆయన బాల్యం గడిచింది. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో అమెరికాలోని హార్వర్డుకు పోయారు. పోయిన ఏడాదే, 1949 జులైలో, ఒక తోకచుక్కను కనిపెట్టారు. దానికి ఆయన పేరూ, సాయం చేసిన బాక్, న్యూకర్క్ పేర్లూ కలిపి పెట్టారు.

చదువయ్యాక పాలోమార్ కొండ మీద 5 మీటర్ల టెలిస్కోపు దగ్గర పనిచేశారు. అప్పట్లో ప్రపంచంలో దానికన్నా పెద్దది లేదు. అక్కడే ఉండిపోతే సుఖమే. కానీ 1953లో తిరిగొచ్చేశారు. ఇక్కడ అటువంటి యంత్రం ఒక్కటి కూడా లేదు! నైనిటాల్‌లో వేధశాల పెట్టించి, 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. 1971లో ఆయన ఆధ్వర్యంలో భారత ఖగోళ భౌతిక సంస్థ ఏర్పడింది.

మంచి చీకటి కోసం వెతికి తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అనే చోటు ఎన్నుకున్నారు. అది కూడా మన వైపు లాగే అడవి, గిరిజనులుండే ప్రాంతం. అక్కడ 1972లో జర్మనీ నుంచి తెప్పించిన 1 మీటరు టెలిస్కోపు పెట్టారు. 1977లో యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని పసిగట్టిన వాటిలో అదీ ఒకటి.

అయినా బప్పు గారికి తృప్తి లేదు. పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయాలని పట్టుబట్టారు. పెద్దది ఎందుకంటే, వానలో చెంబు పెడితే చెంబెడు నీళ్లే, గంగాళం పెడితే గంగాళం నిండా నీళ్లు. అద్దం ఎంత వెడల్పయితే అంత వెలుగు పట్టుకుంటుంది. ఆయన అనుకున్న అద్దం వెడల్పు 2.34 మీటర్లు, అంటే మన తరగతి తలుపు కన్నా ఎక్కువ. గాజుబిళ్ల మాత్రం జర్మనీ నుంచి వచ్చింది. దాన్ని అరగదీసి నునుపు చేసింది బెంగళూరులో మనవాళ్లే. వెంట్రుక మందంలో నూరో వంతు తేడా వచ్చినా చుక్క మసకబారుతుంది. అందుకే కొంచెం రుద్దడం, పరీక్షించడం, మళ్లీ రుద్దడం. ఏళ్లు పట్టింది.

1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘం ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసింది. 1982లో గుండె ఆపరేషను కోసం మ్యూనిక్ పోయి, ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. అప్పటికి 55 ఏళ్లే. టెలిస్కోపు ఇంకా పూర్తి కాలేదు. అందులోంచి ఒక్క చుక్కనైనా ఆయన చూడలేదు.

ఇది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. కానీ ఆయన పని నేర్పిన మనుషులున్నారు కదా, వాళ్లు ఆపలేదు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి బప్పు గారి పేరే పెట్టారు. తరువాత 2016లో దేవస్థల్‌లో 3.6 మీటర్లది వచ్చింది. దానికన్నా ముందు దేశంలో దీన్ని మించింది లేదు.

మా ఇంటి ముందు మా తాత నాటిన చింతచెట్టు ఉంది. అది కాయకముందే తాత పోయాడు. పులుసు మేం తాగుతున్నాం. బప్పు గారిది కూడా అంతే అనిపించింది.

మంచం కింద గొట్టం మళ్లీ బయటికి తీశాను. భూతద్దం వంకరగా అతికానని సారు చూపించారు. తలకిందులుగా కనపడటం తప్పు కాదట, అటువంటి టెలిస్కోపులన్నిటిలో అంతేనట! వచ్చే అమావాస్య పోయాక నాలుగో రోజు, అన్నం తిన్నాక, హాస్టలు వెనక మైదానానికి రండి. ఈసారి కూడా మసకగా ఉంటే నవ్వండి, పర్లేదు. నేను మళ్లీ అతుకుతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి, బోనకల్