మాట మీద నిలిచిన వర్తకుడు - ఇమామ్ అబూ హనీఫా

ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) పేరు మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. మన ప్రాంతపు మసీదుల్లో ఎక్కువ చోట్ల నమాజు జరిగేది హనఫీ పద్ధతిలోనే. కాని ఆయనను గొప్ప పండితుడుగా ఎరిగినంతగా, బతుకుతెరువు కోసం బట్టల దుకాణం నడిపిన వర్తకుడుగా మనం ఎరగము. ఆ సంగతే ఇక్కడ నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాము.

ఆయన అసలు పేరు నూమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 699లో, ఇరాక్ దేశంలోని కూఫా పట్టణంలో జన్మించారు. వారిది జౌళి వర్తకం. పట్టూ ఉన్నీ కలిపి నేసిన ఖరీదైన బట్టలు అమ్మేవారు. అంగడికీ ఇంటికీ తిరుగుతున్న ఆ యువకుడి తెలివిని చూసి షాబీ అనే పండితుడు చదువు వైపు మళ్ళమని సలహా ఇచ్చారు. తరువాత ఆయన హమ్మాద్ అనే గురువు వద్ద చేరి, ఆ గురువు హిజ్రీ 120లో గతించేవరకు సుమారు 18 ఏళ్ళు వదలకుండా చదివారు. అయినా దుకాణం మూసెయ్యలేదు. పాలకుల దగ్గర చెయ్యి చాపకుండా బతకాలంటే తన సంపాదన తనకు ఉండాలని ఆయన నమ్మకం.

ఆయన బేరం ఎలా ఉండేదో చరిత్రకారులు కొన్ని సంఘటనలు చెబుతారు. ఒకసారి ఒక స్త్రీ పట్టుబట్ట అమ్మకానికి తెచ్చి 100 దిర్హములు అడిగింది. అది అంతకంటే ఎక్కువ విలువైనదని ఆయనే చెప్పారు. ఆమె నూరు చొప్పున పెంచుకుంటూ 400 దాకా వచ్చింది. ఇంకా ఎక్కువే చేస్తుందనేసరికి తనను ఆటపట్టిస్తున్నారనుకుంది. అప్పుడు ధర కట్టేందుకు మరొక మనిషిని పిలిపించి, చివరకు 500కు కొన్నారు. కొనేవాడే ధర పెంచడం ఏ బజారులో చూస్తాము? ఆమెకు సరుకు విలువ తెలియదు, ఈయనకు తెలుసు. తెలియనివారి అమాయకత్వం మీద లాభం తియ్యడం ఆయనకు ఇష్టం లేదు, అంతే.

ఇంకొకసారి తన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ చేతికి సరుకు ఇచ్చి పంపుతూ, అందులో ఒక బట్టలో లోపం ఉన్నదనీ, కొనేవారికి అది చూపించి మరీ అమ్మాలనీ చెప్పారు. హఫ్స్ మరిచిపోయి అమ్మేశారు. కొన్నది ఎవరో కూడా గుర్తు లేదు. సంగతి తెలిసిన ఇమాము గారు ఆ సరుకు మీద వచ్చిన డబ్బంతా దానం చేసేశారు. ఒక్క బట్ట తప్పుకు మొత్తం సొమ్ము వదులుకోవడం లెక్కల ప్రకారం నష్టమే. కాని ఆ దుకాణంలో లోపాన్ని దాచరు అన్న పేరు ఎంత ధర పెడితే వస్తుంది?

ఈ అనుభవమే ఆయన ఫిఖ్‌హ్‌లోనూ కనబడుతుంది. మురాబహా అనే అమ్మకంలో వర్తకుడు తాను కొన్న ధర బయటికి చెప్పి, దానిమీద ఇంత లాభమని కలుపుకుంటాడు. ఆ కొన్న ధర నిజమో కాదో తేల్చుకునే దారి కొనేవాడికి ఉండదు, వర్తకుడి మాటే ఆధారం. అందుకే ఫిఖ్‌హ్ పండితులు దీనిని అమానత్ మీద నడిచే అమ్మకం అన్నారు. కొన్న ధర అబద్ధమని తేలితే కొనేవాడు సరుకు తిరిగి ఇచ్చెయ్యవచ్చునని ఇమాము గారు తీర్పు చెప్పారు.

మనుషులతో వ్యవహారం కూడా అలాగే ఉండేది. ఒకనాడు దారిలో ఒకాయన ఇమాము గారిని చూసి పక్కకు తప్పుకోబోయాడు. 10,000 దిర్హములు బాకీ ఉండి తీర్చలేక ముఖం చాటేశాడట. ఇమాము గారు ఆ బాకీ మొత్తం మాఫీ చేసి, నన్ను చూసి నీ మనసు ఇంత కష్టపడింది కనుక నన్నే క్షమించమని కోరారట. లాభంలో కొంత పేద విద్యార్థులకు ఖర్చు పెట్టేవారు. తరువాత పెద్ద ఖాజీ అయిన అబూ యూసుఫ్ చదువు సాగింది ఆ సాయంతోనే. జనం తమ సొమ్మును ఆయన దగ్గర అమానతుగా దాచుకునేవారు.

ఈ నమ్మకాన్ని పాలకులూ వాడుకోవాలని చూశారు. ఉమయ్యాల గవర్నరు ఇబ్న్ హుబైరా పదవి ఇవ్వబోతే కాదన్నందుకు కొరడా దెబ్బలు తిన్నారు. తరువాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి తీసుకోమన్నాడు. తాను అందుకు తగనని ఇమాము గారు చెప్పారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా కోప్పడ్డాడు. అబద్ధాలకోరు ఖాజీగా అసలే పనికిరాడు గదా అని ఆయన బదులిచ్చారట. అందుకు చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150, అంటే క్రీ.శ. 767లో బాగ్దాదులో కన్ను మూశారు. జనాజాకు వచ్చిన జనం పట్టక నమాజు పలుమార్లు జరిగిందని చెబుతారు. ఆయన సమాధి ఉన్న పేటకు ఆయన బిరుదు మీదనే ఆజమియా అన్న పేరు నిలిచింది.

మనలో దుకాణం నడిపేవారు ఉన్నారు, అన్నదమ్ములతో పొత్తు కలిసినవారు ఉన్నారు, నోటి మాట మీద చేబదులు ఇచ్చి పుచ్చుకునేవారు ఉన్నారు. కాగితం లేని చోట మాటే కాగితం. ఒక్కడు మాట తప్పితే, రేపు అవసరంలో ఉన్న ఇంకొకడికి అప్పు పుట్టదు. కనుక సరుకులో లోపం ఉంటే ముందే చెబుదాము. బాకీ ఆలస్యమయ్యేట్టు ఉంటే ముఖం చాటెయ్యకుండా వెళ్ళి చెబుదాము. ఇచ్చినవారము తీర్చలేనివారికి గడువు ఇద్దాము. ఇమాము గారి పేరు చెప్పుకునే మనకు ఆయన అంగడి నడవడి కూడా అబ్బాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.