మేరీ క్యూరీ రక్తం చెప్పే పాఠం

మందు కొట్టి ఇంటికొచ్చాక తల తిరిగితే మజ్జిగ తాగి పడుకుంటాం. తెల్లారేసరికి తగ్గుతుంది. తగ్గింది కాబట్టి ఒంటికేమీ కాలేదనుకుంటాం. ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త మేరీ క్యూరీ కూడా చాలాకాలం అలాగే అనుకుంది.

ఆమె 1867లో వార్సాలో పుట్టింది. అప్పుడు ఆ నగరం రష్యా జారు ఏలుబడిలో వుంది. అక్కడి విశ్వవిద్యాలయం ఆడవాళ్లను చేర్చుకునేది కాదు. ఆమె ఒక పల్లెలో కలిగినవారి పిల్లలకు పాఠాలు చెప్పి పొట్టపోసుకుంది. తీరిక వేళల్లో, సర్కారుకు తెలిస్తే శిక్ష తప్పదని తెలిసీ, రైతుల పిల్లలకు వాళ్ల భాషలో అక్షరాలు దిద్దించింది. 1891లో పారిస్ చేరింది.

1898లో భర్త పియరీతో కలిసి రేడియంను కనుగొంది. పాత షెడ్డులో టన్నుల కొద్దీ ఖనిజపు మడ్డిని మరిగించి, తనంత పొడుగు ఇనుప కడ్డీతో కలియబెట్టింది. 1902 నాటికి దక్కింది గ్రాములో పదోవంతు రేడియం లవణం! ఆ పద్ధతిపై పేటెంటు తీసుకోలేదు. రెండుసార్లు నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఎక్స్‌రే బండ్లు నడిపించింది.

వేళ్లు కాలాయి, ఒళ్లు నీరసించింది. అసలు దెబ్బ లోపల తగిలింది. రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. ఈ కిరణాలు అక్కడి కణాల్లోని జన్యువులను తెంచుతాయి. ఎక్స్‌రేలు జన్యువులను మారుస్తాయని 1927లో ముల్లర్ ఈగల మీద రుజువు చేశాడు. మూలుగ కణాలు చస్తే రక్తం పుట్టదు. మారిన కణం అదుపు తప్పి పెరిగితే రక్తకాన్సరు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, పనిలో అంటుకున్నది. మూలుగ చచ్చుబడి, 1934 జూలై 4న, 66వ ఏట మేరీ చనిపోయింది. అదే పని చేసిన కూతురు ఐరీన్ 1956లో రక్తకాన్సరుకు బలైంది.

కిరణాలే కాదు, బెంజీన్ ఆవిరీ మూలుగను చంపుతుంది. మన పొలాల్లో ఏళ్ల తరబడి చల్లి తర్వాత నిషేధించిన లిండేన్, లింఫోమా అనే కాన్సరు తెస్తుందని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2015లో తేల్చింది.

మొదట్లో మేరీకి చెప్పేవాళ్లు లేరు. తర్వాత సంగతి బయటపడినా ఆమె చప్పున ఒప్పుకోలేదు. మనకు ఆ పొరపాటు వద్దు. మందు కొట్టమనే ఆసామిని చేతి తొడుగులు, ముక్కు గుడ్డ ఇవ్వమని అందరం కలిసి అడగాలి. వదలని నీరసం, చిగుళ్ల నుంచి రక్తం, ఊరికే కమిలే ఒళ్లు కనిపిస్తే ప్రభుత్వాసుపత్రిలో రక్తం పరీక్ష చేయించుకోవాలి. చేసే పనేమిటో డాక్టరుకు తప్పక చెప్పాలి.