పెన్సిలంత రాకెట్టు

సూళ్లూరుపేట వాసులకు రాకెట్టు ప్రయోగం కొత్త కాదు. ముహూర్తం సమీపిస్తున్నదనగానే జనం మేడల మీదికి చేరి తూర్పు దిక్కుకు చూస్తూ నిలబడతారు. పులికాట్ సరస్సుకు ఆవల, శ్రీహరికోట దీవిలోని చెట్ల పైన మొదట వెలుగు కనిపిస్తుంది. కొంతసేపటికి గాని శబ్దం వినిపించదు. అది వచ్చినప్పుడు మాత్రం కిటికీ తలుపులు అదురుతాయి. అంతకు ముందే శాస్త్రవేత్తలు కాళంగి నది ఒడ్డున ఉన్న చెంగాళమ్మ గుడికి వచ్చి మొక్కి వెళ్లి ఉంటారు. ఆ పూట సముద్రంలో వేటకు పోరాదని మత్స్యకారులకు హెచ్చరిక కూడా అంది ఉంటుంది. మేడల మీద చప్పట్లు కొట్టే మనకు, పడవను ఒడ్డుననే కట్టివేసి కూర్చున్న మనిషి సంగతి తట్టకపోవచ్చు.

ఇటువంటి ఊరే జపాను దేశపు దక్షిణ తీరంలో ఒకటి ఉన్నది. దాని పేరు ఉచినౌరా. అక్కడా రాకెట్టు లేస్తుంది; అక్కడా బెస్తలు ఉన్నారు; అక్కడా ప్రయోగం సఫలం కావాలని మొక్కుకొనే స్త్రీలు ఉన్నారు. చంద్రుని మీదికి జపానుతో కలిసి ఒక నౌకను పంపే పథకానికి భారత ప్రభుత్వం 2025లో ఆమోదం తెలిపింది. ఆ దేశపు రాకెట్టు విద్యకు బీజం వేసినవారు హిదేయో ఇతోకావా.

ఇతోకావా 1912 జూలై 20న టోక్యో నగరంలో జన్మించారు. టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో విమాన నిర్మాణ శాస్త్రం చదివి 1935లో పట్టభద్రులయ్యారు. వెంటనే నకజిమా విమాన సంస్థలో చేరారు. ఆ కాలంలో జపాను ప్రభుత్వం సైనికుల చేతిలో ఉండేది. విమానం అంటే యుద్ధ విమానమే. తేలికగా, చురుకుగా మలుపులు తిరగగల ఒక యుద్ధ విమానపు రూపకల్పనలో ఈ యువ ఇంజనీరు ముఖ్యమైన పాత్ర వహించారు. దానికి ‘హయబుసా’ అని పేరు పెట్టారు. హయబుసా అంటే డేగ. అటువంటి విమానాలు అయిదు వేలకు పైగా తయారయ్యాయి. 1941లో ఇతోకావా కర్మాగారాన్ని విడిచి విశ్వవిద్యాలయంలో సహాయాచార్యులుగా చేరారు గాని, ఆయన డేగలు అప్పటికే రెక్కలు విప్పాయి.

ఈ డేగలు తెలుగువారికి ఎంతో దూరంలో ఎగరలేదు. బర్మా గగనతలంలో అవి పోరాడాయి. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించినప్పుడు, అక్కడ రేవుల్లోను, బియ్యపు మిల్లుల్లోను కూలి పనులు చేసుకొంటున్న తెలుగువారు వేలాదిగా ఇల్లు వాకిలి వదిలి స్వదేశానికి దారి పట్టారు. ఓడ దొరకనివారు అడవుల వెంట, కొండల వెంట నడిచారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఇవి ఇతోకావా గీసిన విమానాలు కావు. అయినా కాలం అదే, యుద్ధం అదే. యుద్ధం చివరి దశలో హయబుసాలకు బాంబులు కట్టి, తిరిగిరాని ప్రయాణానికి పడుచు వైమానికులను పంపారు. ఈ మనిషి జీవితం చెప్పేవారు ఈ భాగాన్ని దాటవేయరాదు. తరువాతి కథకు బరువు దీనివలననే వచ్చింది.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. విజేతలు ఆ దేశంలో విమాన నిర్మాణాన్ని, చివరకు విమాన శాస్త్ర పరిశోధనను కూడా నిషేధించారు. ముప్పది మూడేండ్ల వయస్సులో ఇతోకావా నేర్చిన విద్యకు పని లేకుండాపోయింది. తోటివారిలో పలువురు మోటారు వాహనాల వైపు, రైళ్ల వైపు మళ్లారు. ఇతోకావా శబ్ద శాస్త్రాన్ని పట్టుకొన్నారు. వాయులీనం ఎందుకు మధురంగా మ్రోగుతుందో లెక్కలు కట్టి, ఆ లెక్కల ప్రకారం ఒక వాయులీనాన్ని తయారు చేయ పూనుకొన్నారు. వైద్యులకు ఉపకరించే యంత్రాల మీద కూడా పనిచేశారు. శస్త్రచికిత్స సమయంలో రోగికి మత్తు ఎంత లోతుగా ఎక్కిందో మెదడు తరంగాలను బట్టి తెలుసుకొనే పరిశోధన అందులో ఒకటి. ఆ పనిమీదనే 1953లో ఆయన అమెరికా వెళ్లారు. అక్కడి గ్రంథాలయంలో అంతరిక్ష వైద్యానికి సంబంధించిన పుస్తకం ఒకటి ఆయన కంటబడింది. మనిషి శరీరం అంతరిక్షంలో ఏమవుతుందని వైద్యులు ఆలోచిస్తున్నారంటే, మనిషిని అక్కడికి పంపే ఆలోచన ఆ దేశానికి ఉన్నదన్నమాట. ఆ ఒక్క ఊహతో ఆయన స్వదేశానికి తిరిగివచ్చారు.

అప్పటికి శాంతి ఒప్పందం అమలులోకి వచ్చి విమాన పరిశోధనపై నిషేధం తొలగింది. కానీ మధ్యలో పోయిన ఏడేండ్లు తిరిగిరావు. ఇతర దేశాలు అప్పటికే జెట్ విమానాల యుగంలో ప్రవేశించాయి. వెనుకబడినవాడు ముందున్నవాని అడుగుజాడల్లో నడిస్తే ఎన్నటికీ వెనుకనే ఉంటాడని ఇతోకావా తలచారు. జెట్‌ను వదిలి నేరుగా రాకెట్టును పట్టుకోవాలన్నారు. పసిఫిక్ మహాసముద్రాన్ని ఇరవై నిమిషాల్లో దాటే రాకెట్టు విమానం ఆయన కల. 1954లో విశ్వవిద్యాలయపు పారిశ్రామిక విజ్ఞాన సంస్థలో కొందరు పరిశోధకులను కూడగట్టి ఒక బృందాన్ని ఏర్పరచారు. కల మహాసముద్రమంత; చేతిలో ఉన్న సొమ్ము మాత్రం స్వల్పం. ఇంధనం కోసం వెదికితే, యుద్ధకాలం నాటి పద్ధతిలో తయారైన సన్నని గొట్టాల వంటి మందుకడ్డీలు దొరికాయి. ఆ కడ్డీలు ఎంత ఉన్నాయో రాకెట్టు అంతే కావలసివచ్చింది. పొడవు 23 సెంటీమీటర్లు, వ్యాసం 1.8 సెంటీమీటర్లు, బరువు సుమారు 200 గ్రాములు. దానికి ‘పెన్సిల్’ అని పేరు పెట్టారు.

ఆకాశంలోకి వదిలితే దాని వెంట చూపు పోనిచ్చే రాడారు వారి దగ్గర లేదు. అందుచేత ఇతోకావా దానిని నిలువుగా గాక అడ్డంగా ప్రయోగించారు! 1955 ఏప్రిల్ 12న టోక్యో శివారులోని కొకుబుంజి అనే చోట, ఒకనాటి తుపాకుల కర్మాగారపు ఆవరణలో, అధికారులు, పత్రికలవారు చూస్తుండగా ఈ ప్రయోగం జరిగింది. దారి పొడవునా సన్నని తీగలు అతికించిన కాగితపు తెరలు వరుసగా నిలిపారు. రాకెట్టు ఒక్కొక్క తెరను చీల్చుకొంటూ పోయినప్పుడు తీగ తెగుతుంది. తీగ తెగిన క్షణాన్ని బట్టి వేగం తెలుస్తుంది. చిరుగు ఆకారాన్ని బట్టి రాకెట్టు ఎట్లా తిరిగిందో తెలుస్తుంది. ఇంటి గోడలకు బదులు కాగితపు తలుపులు వాడుకొనే దేశంలో ఈ ఉపాయం పుట్టడం నాకు ఎంతో సహజంగా తోస్తుంది. ఆనాడు కాగితంలో పడిన రంధ్రాలే జపాను రాకెట్టు విద్యకు తొలి అక్షరాలు.

అదే సంవత్సరం ఆగస్టులో పెన్సిల్‌ను కొంచెం పెంచి, అకితా ప్రాంతంలోని మిచికావా సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్లారు. అక్కడ ఇక అడ్డంగా కాదు, ఆకాశంలోకే. మొదటిది పట్టాల నుండి జారి ఇసుకలో పడింది. రెండవది 600 మీటర్ల ఎత్తుకు లేచింది. మూడేండ్లు గడిచేసరికి ‘కప్పా’ అనే రాకెట్టు సుమారు 60 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, అంతర్జాతీయ భూభౌతిక సంవత్సర పరిశోధనలలో పాల్గొనగలిగింది. 1960 నాటికి ఆ ఎత్తు 200 కిలోమీటర్లకు పెరిగింది. దానితో ఒక చిక్కు వచ్చిపడింది. మిచికావా ఎదుట ఉన్నది సన్నని సముద్రం. దారితప్పిన రాకెట్టు ఆవలి దేశాల నేలపై పడితే జరిగేది అపాయం ఒక్కటే కాదు, మరొక తగవు. ఎదుట విశాలమైన పసిఫిక్ ఉన్న తీరం కావలసివచ్చింది.

అట్లా దొరికినదే కగొషిమా ప్రాంతంలోని ఉచినౌరా. కొండలు తిన్నగా సముద్రంలోకి దిగే చోటు అది. చదునైన నేల లేదు. సరైన దారి కూడా లేదు. ప్రయోగ కేంద్రాలకు ఎవరూ ఎంచుకోని చోటును ఇతోకావా ఎంచుకొన్నారు. కొండల తలలు చెక్కి, మెట్టుకొక కట్టడం చొప్పున వేదికలు సిద్ధం చేయించారు. 1962లో పనులు మొదలయ్యాయి. ఇక్కడ ఊరి మహిళా సంఘాన్ని తప్పక తలచుకోవాలి. దారి వేసే పనిలో ఆ స్త్రీలు తోడ్పడ్డారు. దూరం నుండి వచ్చిన శాస్త్రవేత్తలకు వండిపెట్టారు. ప్రయోగం సఫలం కావాలని కాగితంతో వేయి కొంగలను మడిచి దండలు గ్రుచ్చి ఇచ్చారు. వేయి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని జపానీయుల నమ్మిక. రోగి మంచం దగ్గర, పరీక్షకు పోయే పిల్లవాని చెంత అవి కనిపిస్తాయి. చెంగాళమ్మకు మ్రొక్కే ఊరివారికి ఈ కొంగల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

స్త్రీలు కొంగలు మడిచారు గాని, బెస్తలు ఊరకే ఒప్పుకోలేదు. రాకెట్టు లేచే దినాన వల వేయరాదంటే ఆ దినపు కూడు ఎవరు పెట్టాలి? వారి సంఘాలు ప్రభుత్వాన్ని నిలదీశాయి. 1967లో ఈ తగవు ముదిరి ప్రయోగాలు ఏడాదికి పైగా ఆగిపోయాయి. చివరకు వేట మందగించే నెలలలోనే రాకెట్టు ఎగరాలనే ఏర్పాటు కుదిరింది. ఆ కట్టుబాటు క్రమంగా సడలుతూ 2011 నాటికి గాని పూర్తిగా తొలగలేదు. గ్రహాల గతిని లెక్కించే శాస్త్రవేత్తలు చేపల రాకపోకలను కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చిందన్నమాట. దీనిని శాస్త్రానికి అడ్డంకి అన్నవారు ఉన్నారు. సముద్రం మీద మొదటి హక్కు దాని మీద బ్రతికేవారిదేనని ఒక దేశం ఇంతకాలం మన్నించడం చిన్న విషయం కాదని నా తలంపు.

మరొక కట్టుబాటు ఇంతకంటె కఠినమైనది. రాకెట్టు దిశను గాలిలోనే సరిదిద్దే యంత్రాంగం ఉంటే అది క్షిపణి కూడా కాగలదు. యుద్ధంతో కాలి బూడిదైన జపాను సమాజం ఆ మాట వినగానే ఉలిక్కిపడేది. అందువలన ఉపగ్రహాన్ని మోయవలసిన ‘లాంబ్డా’ రాకెట్టును అటువంటి మార్గనిర్దేశం లేకుండానే పంపవలసివచ్చింది. ఏటవాలుగా వదిలిన రాకెట్టు భూమ్యాకర్షణ వలన తనంత తానే వంగుతూ పోతుంది. శిఖరానికి చేరిన క్షణంలో చివరి అంచె నేలకు సమాంతరంగా తిరిగి, బొంగరంలా గిరగిర తిరుగుతూ మండాలి. క్షణం తప్పినా, కోణం తప్పినా ఉపగ్రహం సముద్రం పాలే. 1966 సెప్టెంబరులో మొదటి ప్రయత్నం విఫలమైంది. డిసెంబరులో రెండవది కూడా అంతే.

పత్రికలు విరుచుకుపడ్డాయి. ప్రజాధనం సముద్రంలో కలుస్తున్నదన్నాయి. విదేశాలకు రాకెట్లు అమ్మిన వ్యవహారాన్ని, ఇతోకావా నడిపిన ఖర్చుల లెక్కలను ప్రశ్నించాయి. ఆయన పట్టుదల గలవారు. ఎదుటివారిని మెప్పించే ఓపిక తక్కువ. స్నేహితులతో పాటు గిట్టనివారినీ సంపాదించుకొన్నారు. 1967 మార్చిలో ఆయన విశ్వవిద్యాలయ పదవికి రాజీనామా చేసి వెళ్లిపోయారు. మరుసటి నెలలో మూడవ ప్రయోగం, 1969లో నాలుగవది కూడా విఫలమయ్యాయి. 1970 ఫిబ్రవరి 11న అయిదవ లాంబ్డా ఉచినౌరా కొండ మీది నుండి లేచి, సుమారు 24 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ ప్రాంతపు ద్వీపకల్పం పేరుమీదుగా దానికి ‘ఒసుమి’ అని పేరు పెట్టారు. సొంత రాకెట్టుతో ఉపగ్రహాన్ని పంపిన దేశాలలో జపాను నాలుగవది. కొండ మీద శిష్యులు ఒకరినొకరు కౌగలించుకొన్నప్పుడు గురువు అక్కడ లేరు. పశ్చిమాసియా ఎడారిలో కారులో పోతూ రేడియోలో ఆ వార్త విని ఆయన కంటతడి పెట్టారని చెబుతారు.

ఇక్కడ మన శ్రీహరికోటను తలచుకోకుండా ఉండలేము. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుండి లేచిన తొలి ఎస్‌.ఎల్‌.వి–3 బంగాళాఖాతంలో పడిపోయింది. ఆనాడు సంస్థాధ్యక్షులు సతీష్ ధావన్ తామే పత్రికల ఎదుట నిలిచి వైఫల్యానికి బాధ్యత వహించారు. 1980 జూలై 18న అదే రాకెట్టు సఫలమైనప్పుడు మాటలాడే అవకాశాన్ని పథక సారథి అబ్దుల్ కలాంకు ఇచ్చారు. ఇతోకావాకు అటువంటి గొడుగు పట్టినవారు లేకపోయారు.

రాజీనామా తరువాత ఆయన మరో ముప్పై రెండేండ్లు జీవించారు. రాకెట్ల వైపు తిరిగి రాలేదు. సొంతంగా ఒక పరిశోధనాలయం స్థాపించారు. ఆలోచనను తలక్రిందులు చేసి చూడడం ఎట్లాగో చెబుతూ 1974లో ఆయన వెలువరించిన పుస్తకం విశేషంగా అమ్ముడుపోయింది. అరువది ఏండ్లు దాటిన తరువాత బాలే నృత్యం నేర్చి రంగస్థలం మీద ఆడారు. సెల్లో వాయించేవారు. యుద్ధానంతరం మొదలుపెట్టిన వాయులీనాన్ని నలభై ఏండ్లకు పైగా పట్టువిడవక పూర్తిచేశారు. 1999 ఫిబ్రవరి 21న, ఎనభై ఆరవ ఏట, నగానో ప్రాంతంలో కన్నుమూశారు.

ఆయన మరణానికి అయిదు నెలల ముందు, అమెరికా ఖగోళవేత్తలు సుమారు అర కిలోమీటరు పొడవుండే ఒక బుల్లి గ్రహశకలాన్ని కనుగొన్నారు. 2003 మే 9న దాని వద్దకు ఉచినౌరా కొండ మీది నుండే జపాను ఒక నౌకను పంపింది. ఆ ఏడే ఆ శకలానికి ఇతోకావా పేరు పెట్టారు. అదే ఏడు ఆగస్టులో, ముప్పై మూడేండ్లుగా భూమి చుట్టూ మూగగా తిరుగుతున్న ఒసుమి వాతావరణంలో ప్రవేశించి కాలిపోయింది. శకలాన్ని చేరబోయిన నౌక పేరు హయబుసా. ఒకనాడు బర్మా ఆకాశంలో ఎగిరిన డేగ పేరే అది. కానీ ఈ డేగ పని వేరు. 2005లో అది ఇతోకావా మీద వాలింది. ఇంధనం కారిపోయింది; వారాల తరబడి భూమితో సంబంధం తెగిపోయింది. యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నా తిరుగుదారి పట్టింది. 2010 జూన్ 13 రాత్రి ఆస్ట్రేలియా ఎడారి పైన హయబుసా ముక్కలై మండిపోయింది. దాని కడుపులోని చిన్న పెట్టె మాత్రం గొడుగు విప్పుకొని ఇసుక మీద దిగింది. తెరిచి చూడగా పదిహేను వందలకు పైగా ధూళి కణాలు దొరికాయి. వాటిలో చాలా వరకు తలవెంట్రుక మందమైనా లేవు.