జాన్ స్నో వైద్యుడు, సోహో పేట పాదిరి

కలరా అను మాట వినగానే మన గ్రామములలోని పెద్దలు ఇప్పటికిని ఉలికిపడుదురు. అది త్రాగునీటివలన వ్యాపించునని ఇండ్లు లెక్కించి ఋజువుపరచిన జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లాండులోని యార్కు పట్టణమందు ఒక కూలివాని యింట పుట్టెను. పదునాలుగవ యేట న్యూకాసిల్‌లో ఒక వైద్యునివద్ద శిష్యుడుగా చేరెను. 1831-32లో ఆ ప్రాంతపు బొగ్గుగనులలో కలరా వచ్చినప్పుడు ఆ కూలీలకు పరిచర్య చేసెను.

తరువాత లండనులో మత్తుమందిచ్చు వైద్యుడుగా పేరుపొంది, 1853లో విక్టోరియా రాణి ప్రసవమప్పుడు క్లోరోఫారము ఇచ్చెను. అయినను ఆయన మనస్సు కలరామీదనే యుండెను. ఆ దినములలో గొప్ప వైద్యులనేకులు దుర్గంధపు గాలివలన ఆ వ్యాధి వచ్చునని నమ్మిరి. నీటిద్వారా కడుపులోనికి పోవుచున్నదని స్నో 1849లోనే చిన్న పుస్తకము వ్రాసెను. నమ్మినవారు కొద్దిమందే.

1854 ఆగస్టు 31 రాత్రి లండనులోని సోహో పేటలో కలరా చెలరేగెను. పది దినములలో అయిదువందలమందికి పైగా చనిపోయిరి. స్నో బ్రాడ్ వీధి పంపు నీటిని పరీక్షించెను గాని దానిలో దోషము స్పష్టముగా కనబడలేదు. అప్పుడాయన జనన మరణములు నమోదుచేయు కచేరీనుండి ఆ వారపు కలరా మరణముల పట్టీ తీసికొనెను. అందులో ఆ వారపు చివరి మూడు దినములవి 83 మరణములుండెను. అవి జరిగిన యిండ్లకు పోయి, చనిపోయినవారు త్రాగిన నీరెక్కడిదని విచారించెను. ఏడ్పు ఆగని యింటిలో అట్టి ప్రశ్న వేయుట యెంత కష్టమో సమాధి కార్యములు జరిగించు మావంటివారికి తెలియును.

చనిపోయినవారిలో 73 మంది ఆ పంపు దగ్గరివారే. వారిలో 61 మంది ఆ నీరు త్రాగినట్లు తేలెను. దగ్గరనేయున్న దరిద్రుల శాలలో 535 మందియుండగా అయిదుగురే చనిపోయిరి. ఆ శాలకు సొంత బావి కలదు. అదే వీధిలోని బీరు కార్ఖానా పనివారు డెబ్బదిమందికి పైగాయుండగా ఒక్కరును చావలేదు. వారు ఆ పంపు నీరు ముట్టక బీరే త్రాగుచుండిరట! ఈ సంగతి వ్రాయుటకు నాకు కొంచెము సంకోచమే. స్నో కూడ మద్యనిషేధము బోధించినవాడే. అయినను కనుగొన్నదానిని దాచలేదు.

సెప్టెంబరు 7న ఆయన ఈ లెక్కలతో పేట పెద్దల సభయెదుటికి పోయెను. మరునాడు పంపు చేతిపిడి ఊడదీసిరి. జనులు అప్పటికే పారిపోయినందున రోగము తగ్గుముఖము పట్టియుండెనని ఆయనయే ఒప్పుకొనెను.

ఆ పేటలోని పరిశుద్ధ లూకా దేవాలయమందు హెన్రీ వైట్‌హెడ్ అను యౌవనస్థుడు సహాయ గురువుగా నుండెను. ఆయన స్నో మాట నమ్మలేదు. అది తప్పని చూపవలెనని, తానెరిగిన కుటుంబములను మరల మరల దర్శించి, చచ్చినవారిని గూర్చియే గాక బ్రదికినవారిని గూర్చియు అడిగెను. అడిగినకొలది స్నో చెప్పినదే నిజమని తేలెను. పిమ్మట మరణముల రిజిస్టరులో, 40వ నంబరు ఇంట విరేచనములతో చనిపోయిన అయిదు నెలల పసిబిడ్డ సంగతి ఆయన కంటబడెను. తల్లి ఆ బిడ్డ గుడ్డలు ఉదికిన నీటిని ఇంటి ముందటి మురుగుగోతిలో పోసెను. త్రవ్వి చూడగా ఆ గొయ్యి పంపు బావికి మూడడుగుల దూరములోపే యుండెను. ఇటుకలు శిథిలమై మురుగు బావివైపు ఊరుచుండెను.

చేతిపిడి తీసిన దినముననే ఆ బిడ్డ తండ్రికి కలరా సోకెను. ఆయనయు చనిపోయెను. పిడి ఇంకను ఉండినయెడల ఆ మురుగు మరల ఎందరి కడవలలోనికి వచ్చియుండెడిదో!

1855లో ప్రభుత్వ విచారణ సంఘము స్నో వాదమును త్రోసివేసెను. 1858 జూన్ 16న, నలుబదియైదవ యేట, ఆయన చనిపోయెను. వైట్‌హెడ్ ఆయన పటమును తన చదువుగదిలో ఉంచుకొనెను.