మెకానికల్ చదువుకు బాట వేసిన మోక్షగుండం

సెప్టెంబరు 15 వచ్చిందంటే చాలు, మన ఇంజనీర్ల ఫోన్లన్నిటిలో మైసూరు తలపాగా పెట్టుకున్న ఆ పెద్దాయన ఫొటో తిరుగుతుంది. శుభాకాంక్షలు చెప్పుకుని మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళం పడిపోతాం. ఈసారి ఆయన జీవితాన్ని కాస్త వేరే వైపు నుంచి చూద్దామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కారణం ఉంది. బహ్రెయిన్‌లో మేముండే నువైద్రాత్‌కు రిఫైనరీ పక్కనే. ఇక్కడ నాకు తెలిసిన తెలుగువారిలో ఫిట్టర్లు, వెల్డర్లు, మెయింటెనెన్స్ ఇంజనీర్లు చాలామంది. పిల్లలు పన్నెండో తరగతికి రాగానే ఇళ్ళల్లో ఒకటే చర్చ! పిల్లలు మెకానికల్ అంటారు, పెద్దలు కంప్యూటర్స్ అంటారు. నేను మెకానికల్‌లో బీటెక్, ఆపైన విదేశంలో ఎం.ఎస్. చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను కాబట్టి ఇరుపక్షాలూ నన్నే తీర్పు చెప్పమంటాయి. నాకు తోచిన జవాబు విశ్వేశ్వరయ్య గారి జీవితంలో దొరికింది.

ముద్దేనహళ్ళి నుంచి పూనా

ఆయన పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో మేనమామ అండన ఉంటూ, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివి, 1881లో సెంట్రల్ కాలేజీ నుంచి బి.ఏ. పూర్తి చేశారు.

తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనా సైన్స్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, 1883లో మొదటి ర్యాంకుతో బయటకు వచ్చారు. ఆ మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. ఇంజనీరింగ్ కోసం సొంత రాజ్యం వదిలి పూనా దాకా వెళ్ళవలసి వచ్చిన కుర్రవాడు ఆయన. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సివిల్ ఇంజనీరు చేసిన యంత్రం

ఆయన పేరు వినగానే మనకు ఆనకట్టలు గుర్తొస్తాయి. కానీ ఆయనకు తొలినాళ్ళలో పేరు తెచ్చినది ఒక యంత్రం. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయంలో వరద నీరు వృథాగా పొర్లిపోయేది. కట్ట ఎత్తు పెంచకుండా ఎక్కువ నీరు నిలపడం ఎలా? 1903లో ఆయన అక్కడ తమంతట తామే తెరుచుకునే గేట్లు పెట్టించారు. నీటిమట్టం హద్దు దాటగానే అవి లేచి వరదను వదిలేస్తాయి, మట్టం తగ్గగానే మూసుకుంటాయి. మోటారు లేదు, మనిషి కాపలా లేదు. బరువుకు బరువు, నీటి తోపుడు... అంతే! ఈ గేట్లకు పేటెంటు కూడా వచ్చింది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకు ఇది ఎంత సొంపైన ఆలోచనో వెంటనే తెలుస్తుంది.

గల్ఫ్ వాళ్ళం గర్వంగా చెప్పుకోవలసిన విషయం ఇంకొకటి. 1906లో ఆయన అరేబియా గడ్డ మీద కూడా పనిచేశారు. అప్పట్లో బొంబాయి పాలనలో ఉన్న ఏడెన్‌కు వెళ్ళి అక్కడి మంచినీటికీ మురుగునీటి పారుదలకూ పథకం తయారు చేసి ఇచ్చారు.

1908లో బొంబాయి ఉద్యోగం వదిలేశారు. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో వచ్చి, వరద నివారణకు జలాశయాలు కట్టాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

కాలేజీ, బ్యాంకు, కొలిమి

అసలు కథ మైసూరులో ఉంది. 1909లో అక్కడ చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి 1918 వరకు దివాన్. ఆ ఆరేళ్ళలో జరిగినవి వరుసగా చూడండి. 1913లో మైసూరు బ్యాంకు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం. 1917లో బెంగుళూరులో ఇంజనీరింగ్ కాలేజీ, అందులో సివిల్‌తో పాటు మెకానికల్ కూడా! తన రోజుల్లో పూనా వెళితే గాని దొరకని చదువు ఇప్పుడు మైసూరు పిల్లలకు ఇంటి ముంగిట్లోకి వచ్చింది. అదే నేటి యూనివర్సిటీ విశ్వేశ్వరయ్య కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్.

అయితే మెకానికల్ డిగ్రీ చేతికొచ్చిన కుర్రవాడు ఎక్కడికి వెళ్ళాలి? పని చూపించే ఫ్యాక్టరీ కావాలి కదా. అందుకే భద్రావతి ఇనుము కర్మాగారం. ఆ ప్రాంతంలో ఖనిజం ఉంది గాని బొగ్గు లేదు. మల్నాడు అడవుల కట్టెబొగ్గుతోనే ఇనుము తీయాలని పథకం. 1923లో ఉత్పత్తి మొదలయ్యేసరికి ప్రపంచ యుద్ధం ముగిసి ఇనుము ధర పడిపోయింది. నష్టాలు, విమర్శలు! అప్పటికే దివాన్ పదవి వదిలేసిన విశ్వేశ్వరయ్య గారే మళ్ళీ వచ్చి 1929 వరకు యాజమాన్య బోర్డుకు అధ్యక్షత వహించారు. ఖర్చు తగ్గించి, విదేశీ నిపుణుల చోట మనవాళ్ళకు తర్ఫీదు ఇచ్చి సంస్థను గట్టెక్కించారు.

అక్కడితో ఆగలేదు. డెబ్భై దాటిన వయసులో, 1935లో, మన దేశంలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని ఐరోపా, అమెరికాలు తిరిగి ప్లాంట్లు చూసి వచ్చారు. ఆనాటి ప్రభుత్వం చేయూత ఇవ్వలేదు. ఆ ప్రయత్నంలో ఉన్న వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. 1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్య గారు నూరేళ్ళు దాటి జీవించి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

మన పిల్లల సంగతి

నాకు ఆయన జీవితంలో కనిపించేది ఒక్కటే. చదువు, వర్క్‌షాపు, పరిశ్రమ, పెట్టుబడి... ఈ నాలుగూ ఒకే గొలుసు. ఒక లింకు తెగితే డిగ్రీ గోడకు వేలాడే కాగితం అవుతుంది.

కాబట్టి మెకానికల్ కావాలన్న పిల్లలను వద్దనకండి, ఊరికే సరే అనీ అనకండి. కూర్చుని ప్లాన్ చేయండి. కాలేజీ ర్యాంకుతో పాటు అక్కడి లాబ్‌లలో యంత్రాలు నడుస్తున్నాయా, చుట్టూ ఫ్యాక్టరీలున్నాయా, ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా అని అడగండి. నాలుగేళ్ళలో ప్రోగ్రామింగ్, కంట్రోల్స్ కూడా నేర్చుకోమనండి. ఇవాళ యంత్రానికీ కోడ్‌కూ మధ్య గోడ లేదు. నా ఉద్యోగమే అందుకు సాక్ష్యం. ఇక ఫీజుల మాటకొస్తే, జేఈఈ మెయిన్ ర్యాంకు ఉంటే డాసా పథకంలో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్.ఐ.టి.లలో విడిగా కోటా ఉంది. ట్యూషన్ ఫీజు మిగతా డాసా విద్యార్థుల కంటే బాగా తక్కువ. నిబంధనలు ఏటా మారుతుంటాయి, ముందుగానే చూసుకోండి.

ఆనాడు ఒక స్కాలర్‌షిప్ ఒక పేద కుర్రవాణ్ణి పూనా చేర్చింది. ఆ అప్పును ఆయన ఒక కాలేజీగా, ఒక కర్మాగారంగా తీర్చారు. వచ్చే సెప్టెంబరు 15న మన చుట్టుపక్కల ఫీజు కట్టలేక ఆగిపోయిన పిల్ల ఎవరైనా ఉన్నారేమో కనుక్కుని, మనలో పదిమందిమి కలిసి ఆ భారం పంచుకుంటే ఆయన పుట్టినరోజుకు అంతకంటే మంచి కానుక ఉండదు.