చెవుల నర్పించి కూర్చిన నిఘంటువు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పాతపట్నం పొరుగునున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. ఆ కొండలలోని సవరల నుడికి నాడు లిపి లేదు, పుస్తకం లేదు. దానిని చెవితో విని నేర్వవలసిందే. అందుకై మన్యంలో తిరుగగా పంతులుగారికి చలిజ్వరం పట్టుకున్నది. క్వినైను విరివిగా సేవించారు. జ్వరం తగ్గినది గాని వినికిడి పోయినది. క్వినైను మోతాదు మించితే చెవికి చేటని వైద్యగ్రంథాలు హెచ్చరిస్తాయి.

అయినా పంతులుగారు పని మానలేదు. సవర బాలలకు బడులు పెట్టి వాచకాలు వ్రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. 1940లో పంతులుగారు కన్నుమూశారు. ఆ నిఘంటువు తెరచే విద్యార్థి దాని అసలు వెల ఎరిగి చదువుట న్యాయం.